మందులమ్మ మీద అభ్యంతరాలు

జనవరి 12

మిరియానికి,

అన్నయ్య ఆశీస్సులు. పైవాడు నిన్ను చల్లగా చూడాలి.

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేద్దామంటే నా కుడి చెవి పూర్తిగా రిటైరైంది, ఎడమ చెవి సెలవు పెట్టే ఆలోచనలో ఉంది. మీ వదిన అయితే "నల్లకోటు విప్పాక ఈయనకి వాదించడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు, నువ్వైనా నాలుగు ఉత్తరాలు రాసి నన్ను కాపాడు" అని నీకు రాయమంది. లెక్కల టీచరు కదా, రోజుకి ఎన్నిసార్లు వాదించానో పొద్దుపోయాక మొత్తం కట్టి మరీ చెబుతోంది.

మొన్న కోర్టు వెనక సందులో, టైపు చేసే ఆయన దుకాణంలో కూర్చుంటే మందులమ్మ మాట వచ్చింది. ఆవిణ్ణి పునీతురాలిగా, అదే సెయింటుగా, ప్రకటించాలని మీ ఆసుపత్రి సిస్టర్లు బిషప్ గారిని అడిగారటగా? నువ్వు నర్సువై, హెడ్ నర్సువై, ఆవిడ పోయేదాకా ఆవిడ పక్కనే ఉన్నావు. నాకేమో ఆవిడంటే తెల్లచీర, నడుముకి వేలాడే కత్తెర, సంచీ నిండా మందు పొట్లాలు, అంతే. ఎలాంటి మనిషే ఆవిడ? కోపం వచ్చేదా? ఎవర్నైనా నొప్పించిందా? చేయకూడని పని ఏదైనా చేసిందని ఎప్పుడైనా విన్నావా?

ఊరికే అడుగుతున్నాను. వయసు మీద పడ్డాక మంచివాళ్ళ సంగతులు వినాలనిపిస్తుంది.

మోకాళ్ళు జాగ్రత్త.

అన్నయ్య

*

జనవరి 25

ప్లీడరు అన్నయ్యకి,

చెల్లెలు నమస్కారాలు. నువ్వు ఊరికే అడగడం నేనెప్పుడైనా చూశానా? చిన్నప్పుడు "ఊరికేనే" అంటూనే నా పెన్సిళ్ళు ఎక్కడ దాచానో రాబట్టేవాడివి. సరే, మందులమ్మ గురించి అడిగావు కాబట్టి చెప్పకుండా ఉండలేను.

కోపమా? అబ్బో. ఒకసారి కొత్తగా వచ్చిన డాక్టరు, వరండాలో పొద్దున్నించీ కూర్చున్న ముసలాయన్ని చూడకుండానే "రేపు రమ్మనండి" అన్నాడు. మందులమ్మ చేతిలో ఉన్న ట్రే గోడకేసి కొట్టింది. కత్తెరలూ దూదీ అన్నీ నేలపాలు. "ఆయనకి రేపు ఉందని మీకెవరు చెప్పారు?" అంది. డాక్టరు నోరు మూసుకుని ముసలాయన్ని చూశాడు. తర్వాత ఆవిడే నేల మీద కూర్చుని అన్నీ ఏరుకుంది. సాయంత్రం డాక్టరు దగ్గరికెళ్ళి క్షమించమంది. ఆ ట్రే సొట్టతోనే ఇప్పటికీ వార్డులో తిరుగుతోంది.

నా సంగతి నీకు తెలిసిందే. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉండి లా చదువుతున్నావు. నేను ఉన్నట్టుండి పడిపోయి గిలగిలా కొట్టుకునేదాన్ని, నాన్న దయ్యం అన్నాడు, ఊరంతా దయ్యం అంది. మందులమ్మ వచ్చి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నాన్న గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆవిడ తలుపు తీసి "పోయింది" అంది. తర్వాత నాకు మళ్ళీ రాలేదు. ఇప్పుడు సిస్టర్లు ఆవిడ చేసిన అద్భుతాల్లో దాన్నే ముందు పెట్టారు. నన్నడిగితే "తర్వాత మళ్ళీ రాలేదు" అని చెప్పాను.

నాకిప్పుడు క్వార్టర్సులో ఒక గది, నర్సింగ్ పిల్లలకి వారానికి రెండు క్లాసులు, ఎదురు కిటికీలో కూర్చుని నన్నే చూసే ఒక పిల్లి. కులాసా.

అసలు సంగతేమిటో వచ్చే ఉత్తరంలోనైనా రాయి.

మిరియం

*

ఫిబ్రవరి 9

మిరియానికి,

ఘాటు ఏమాత్రం తగ్గలేదు నీకు. సంతోషం.

అసలు సంగతంటూ ఏమీ లేదు. ఈమధ్య కొంచెం చదువుతున్నాను. నాన్న చెప్పే సైతాను గుర్తున్నాడా? నాన్న చెబుతుంటే దేవుడిది ఒక ఊరు, సైతానుది పక్క ఊరు, మనమేమో సరిహద్దు తగాదాలో ఇరుక్కున్న పొలం అనిపించేది. మా చర్చి ఫాదర్ గారు అలా కాదంటారు. వాడు దేవుడికి ఎదురు దేవుడు కాదట. వాణ్ణీ దేవుడే చేశాడు, మంచివాడిగానే చేశాడు. తన వెలుగు చూసుకుని తనే మురిసిపోయి పాడయ్యాడు. ఇప్పటికీ పైనుంచి సెలవు లేనిదే వాడి చెయ్యి కదలదు. మరి సెలవు ఎందుకిస్తున్నట్టు? అక్కడికొచ్చేసరికి నా బుర్ర ఆగిపోతోంది. ఫాదర్ గారిని అడిగితే టీ చల్లారుతోంది తాగండి అన్నారు.

ఒక చిన్న సంగతి. ఆ రోజు గదిలో మీ ఇద్దరూ కాక ఇంకెవరైనా ఉన్నారా? ఆవిడ ఏ ప్రార్థన చేసింది? పైకి వినపడేలా చేసిందా? అప్పట్లో ఆసుపత్రిలో మందులిచ్చే కాంపౌండరు ఒకాయన ఉండేవాడు కదా, పొట్టిగా, నత్తిగా మాట్లాడేవాడు. ఇంకా బతికే ఉన్నాడా? ఎక్కడుంటాడు?

తీరిగ్గా రాయి, తొందరేం లేదు. అంటే, ఈ నెలాఖరులోగా రాస్తే మంచిది.

అన్నయ్య

*

ఫిబ్రవరి 20

అన్నయ్యా,

తొందరేం లేదంటూనే నెలాఖరు అన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది.

నిన్న మీ ఫాదర్ గారు విచారణ పని మీద ఆసుపత్రికి వచ్చారు. సిస్టర్లందరినీ కూర్చోబెట్టి "మందులమ్మ గారు కోపంలో ట్రే విసిరేవారట కదా?" అని అడిగారు. ఒక్కసారి విసిరితే "విసిరేవారట" అయిపోయింది. నేను ఆ మాట నీకు తప్ప ఎవరికీ రాయలేదు. "ఎవరు చెప్పారు ఫాదర్?" అంటే, పాపం ఆయనకి దాపరికం తెలీదు. "మీ అన్నగారే కదమ్మా అభ్యంతరాల వకీలు! మీకు తెలీదా?" అన్నారు.

తెలీదు. ఆవిడ పునీతురాలు కాదని వాదించే పని బిషప్ గారు నీ చేతిలో పెట్టారని, నువ్వు ఒప్పుకుని నెలలు దాటిందని నాకు తెలీదు. మీ ఊళ్ళో నిన్ను సైతాను ప్లీడరు అంటున్నారట. ఫాదర్ గారు అది చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఏ పేరుతో పిలుస్తాం మనం ఆ సైతానుని? అపవాది. నువ్వు సెలవు సంగతి చదివావు కానీ పేరు సంగతి చదవలేదు. కొమ్ములున్నవాడనో నిప్పులు కక్కేవాడనో పేరు పెట్టలేదు వాడికి. అపవాదు వేసేవాడు అని పెట్టారు. చెల్లెలి నోట్లోంచి మాట తీసుకుని చచ్చిపోయిన మనిషి మీద వేశావు. ఆ పేరు ఎవరికి సరిపోతుందో నువ్వే చూసుకో.

ఆ గదిలో ఏం జరిగిందో నీకు చెప్పను. కాంపౌండరు ఎక్కడుంటాడో కూడా చెప్పను.

నాకింక రాయకు.

*

మార్చి 3

మిరియానికి,

రాయకు అన్నావు. రాస్తున్నాను.

ట్రే మాట నా దగ్గర్నుంచే వెళ్ళింది. నా పదవి సంగతి నీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. చెబితే నువ్వు ఆచితూచి మాట్లాడతావని. అది నా తప్పే. కానీ పదవి తప్పు కాదు. పశువులు, పిల్లలు, ఇల్లు అన్నీ పోయి ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న ఆ బైబిలు నీతిమంతుడి కథ గుర్తుందా? అందులో అపవాది గోడ దూకి రాలేదు. దేవదూతలతో కలిసి కొలువుకే వచ్చాడు. మాట మొదలుపెట్టింది కూడా దేవుడే, నా సేవకుణ్ణి చూశావా అని. వాడు "ఊరికే మంచిగా ఉంటాడా?" అన్నాడు. ఆ అనుమానం వినిపించే చోటు దేవుడి కొలువులోనే ఉంది. నా చోటు కూడా అదే. నిజమైన మంచితనం నాలుగు ప్రశ్నలకి విరిగిపోదు.

కాంపౌండరు దొరికాడు. మీ ఊళ్ళోనే అల్లుడి చెప్పుల దుకాణంలో కూర్చుంటున్నాడు. నత్తి తీసేసి, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆ రోజు మా చెల్లికి ఏం జరిగిందో మీకు తెలుసా?" అన్నాను.

"మందులమ్మ గారు పొద్దున్నే నా దగ్గరికొచ్చి బిళ్ళలు తీసుకెళ్ళారు సార్."

"ఏం బిళ్ళలు?"

"మూర్ఛ బిళ్ళలు."

"దయ్యానికా?"

"దయ్యానికి బిళ్ళలెవరిస్తారు సార్? పిల్లకి. తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇచ్చాం."

అదీ సంగతి. అంటే అద్భుతం లేదు. "పోయింది" అన్నది అబద్ధం. అదీ దేవుడి పేరు మీద ఆడిన అబద్ధం. అబద్ధానికి తండ్రి సైతానేనని నాన్న మనకి చిన్నప్పుడే నేర్పాడు.

నువ్వు నర్సువి. ఏ బిళ్ళ మింగేదానివో నీకు తెలీదంటే నేను నమ్మను. తెలిసీ దాచావంటే నీ చేత ఎవరో దాయించారు. ఒకటి చెప్పనా? నీ కిందటి ఉత్తరంలో దస్తూరీ నీది కాదు. అక్షరాలన్నీ ఎడమ పక్కకి ఒరిగిపోయాయి. ఎవరో పక్కన కూర్చుని చెబుతుంటే భయంభయంగా రాసినట్టుంది. సిస్టర్లు నిన్ను వాడుకుంటున్నారేమో, ఆలోచించు.

ఈస్టరు అయ్యాక విచారణ మొదలవుతుంది. నా అభ్యంతరం నేను చెప్పాలి.

అన్నయ్య

*

మార్చి 15

అన్నయ్యకి,

కుడి చేతి వేలికి సూది గుచ్చుకుని వాచింది. ఎడమ చేత్తో రాశాను. అదీ నీ దస్తూరీ రహస్యం. ఒక సిస్టరు పక్కన కూర్చుని చెప్పిందనుకున్నావా? కూర్చుంది పిల్లి.

నేను సైతాను చేతిలో ఉన్నానని ఒకప్పుడు ఊరంతా అంది. ఇప్పుడు సిస్టర్ల చేతిలో ఉన్నానని నువ్వంటున్నావు. నా చేతులు నా దగ్గరే ఉన్నాయని ఈ జన్మలో ఒక్కరికీ తోచదు.

నీ ఉత్తరం కవరు అంచు చింపి మళ్ళీ అంటించినట్టుంది. రెండు రకాల జిగురు. మధ్యలో ఎవరు చదివారు? ఫాదర్ గారికి చూపించాకే నాకు పంపుతున్నావా? ఇదివరకైతే నాకిలాంటి ఆలోచన వచ్చేది కాదు.

కొలువులో చోటుందన్నావు. ఉంది, కాదనను. కానీ వాడు కొలువులోనే ఉండిపోలేదు కదా అన్నయ్యా. మాట అనేసి బయటికెళ్ళాడు. ఆ నీతిమంతుడి పిల్లలు భోజనాలకి కూర్చున్న ఇంటి మీదకి గాలి తోలాడు. కప్పు కూలి అందరూ పోయారు. అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి వాడికి అంతమంది కావాల్సొచ్చింది. నువ్వు నీ కుర్చీ గురించే రాశావు. లేచి బయటికెళ్ళి చెప్పుల దుకాణంలో ఏం చేశావో చూసుకున్నావా? ఆ కాంపౌండరు నిన్న చర్చిలో నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. ఏం చెప్పి భయపెట్టావు ఆయన్ని?

ఎవర్ని కావాలంటే వాళ్ళని అడుగు. ఏది కావాలంటే అది చెప్పుకో. నేను విచారణకి రాను.

మిరియం

*

మార్చి 29

మిరియానికి,

వేలు ఎలా ఉంది? కాపడం పెడుతున్నావా? నర్సుకి చెప్పేవాణ్ణి నేనొకణ్ణి.

కవరు సంగతి ముందు. రెండో కాగితం బల్ల మీదే మర్చిపోయి కవరు అంటించేశాను. మీ వదిన చూసి, కవరు చింపి, కాగితం పెట్టి, మళ్ళీ అంటించింది. "అన్నాచెల్లెళ్ళ తగాదా సగమే వెళ్తే ఎలా?" అంది. కాంపౌండరుని నేను భయపెట్టలేదు. నీ సంగతి నోరు జారానని ఆయనకే సిగ్గుగా ఉంది. దుకాణంలోనే నాతో అన్నాడు, నేను నీకు రాయలేదు.

ఇప్పుడు అసలు మాట. అభ్యంతరాలన్నీ సిద్ధం చేసుకుని, ఫాదర్ గారి ముందు ఎలా మాట్లాడాలో ఇంట్లోనే మాట్లాడి చూసుకుంటున్నాను. ఆ నీతిమంతుడి కథతోనే మొదలుపెట్టాను. మీ వదిన ఉతికిన బట్టలు మడత పెడుతూ వింటోంది. ఉన్నట్టుండి "ఒక్క నిమిషం" అంది. క్లాసులో వెనక బెంచీ వాణ్ణి లేపినట్టు.

"ఇందులో వాడు ఆ మనిషితో ఎక్కడ మాట్లాడాడు?"

"ఎవరు?"

"మీవాడే, అపవాది. పైవాడితో అతని గురించి మాట్లాడాడు. మళ్ళీ వచ్చి మళ్ళీ అతని గురించే మాట్లాడాడు. అతనితో ఎక్కడ మాట్లాడాడు?"

నవ్వేసి పుస్తకం తీశాను. మొదట్నించి చివరిదాకా చూశాను. లేదే. భార్య మాట్లాడుతుంది. స్నేహితులు తల తినేస్తారు. ఆఖరికి దేవుడే దిగివచ్చి మాట్లాడతాడు. ఒక్క వీడే, అతని గురించి అంతా తెలిసినట్టు చెప్పినవాడు, అతన్ని ఒక్క మాట కూడా అడగడు.

నా సంగతీ అంతే. ఫాదర్ గారిని అడిగాను, కాంపౌండరుని అడిగాను, చుట్టూ తిరిగి ఎవరున్నారు, ఏ ప్రార్థన అని నిన్నే సాక్షిని లాగినట్టు లాగాను. నీ తరఫున నేనే జవాబు కూడా చెప్పేసుకున్నాను, సిస్టర్లు దాయించారని. నీకేం జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడే కాదు, అప్పుడూ అడగలేదు. హాస్టల్‌కి నాన్న ఉత్తరం వస్తే చదివి మడిచి పెట్టుకున్నాను.

అడుగుతున్నాను. ఆ గదిలో నీకేం జరిగిందే?

నువ్వు చెప్పకపోతే ఈ పని వదిలేస్తాను. చెప్పి, ఎవరితో అనొద్దంటే అనను, అప్పుడూ వదిలేస్తాను. విచారణలో అబద్ధం మాత్రం ఆడలేను. అంతకుమించి నా దగ్గర ఏ ఎత్తూ లేదు. నమ్మకపోతే నీ తప్పు కాదు.

అన్నయ్య

*

ఏప్రిల్ 8

అన్నయ్యకి,

నీ ఉత్తరాన్ని నేనూ అనుమానంగానే చదివాను. ఎక్కడో మెలిక ఉంటుందని వెతికాను. దొరకలేదు. అయినా వదిన బట్టలు మడత పెట్టేచోట నువ్వు అబద్ధమాడలేవు.

రాస్తున్నాను.

నాన్న మందు వద్దన్నాడు. మందు అడిగితే ప్రార్థన మీద నమ్మకం లేనట్టేనని ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి చెప్పాడు. నన్ను వెనక గదిలో పెట్టారు. ఉపవాసం ఉంచారు. ఉపదేశి బెత్తం తెచ్చాడు. నన్ను కాదు, నాలో ఉన్నదాన్ని కొడుతున్నానని చెప్పి కొట్టేవాడు. దెబ్బ మాత్రం నాకే తగిలేది. "నీ పేరేమిటి, చెప్పు" అనేవాడు. నా పేరు చెబితే, అది నీ పేరు కాదని మళ్ళీ కొట్టేవాడు. కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది, నేను నేనేనా అని. నాన్న గోడవైపు తిరిగి ఏడుస్తూ ప్రార్థన చేసేవాడు. ప్రేమ లేక కాదు. నా మీద అంత ప్రేమ ఉన్నవాడు అక్కడే నిలబడి కొట్టనిచ్చాడు.

మందులమ్మ ఒక మధ్యాహ్నం వచ్చింది. అందర్నీ బయటికి పంపి తలుపేసింది. నాకు భయం వేసింది, ఈవిడ ఏం తెచ్చిందోనని. ముందు కిటికీ తీసింది. నీళ్ళు తాగించింది. వీపు కడిగి మందు రాసింది. నేల మీద నా పక్కన కూర్చుని "పడిపోయే ముందు నీకు ఏమవుతుంది?" అంది.

అన్నయ్యా, అన్నాళ్ళలో అది అడిగిన మొదటి మనిషి ఆవిడే. "గుడ్డ కాలిన వాసన వస్తుంది" అన్నాను. "ఆఁ, కొందరికి అలాగే వస్తుంది" అంది, ఎన్నోసార్లు విన్నట్టు. అది మూర్ఛ అని, చాలామందికి ఉంటుందని, బిళ్ళ వేసుకుంటే తగ్గుతుందని చెప్పింది.

"మరి దయ్యం?" అన్నాను.

"వాడు లేడని నేననను. కానీ వాడికి ఇలా నేల మీద పడి కొట్టుకునే పనులు నచ్చవు. మర్యాదగా, దేవుడి మాటలతోనే మాట్లాడతాడు. నీ గురించి బయటవాళ్ళ చెవిలో చెప్పాడు చూడు, అదీ వాడి పని. నీలో ఎవరూ లేరు. నువ్వే ఉన్నావు" అంది.

కాసేపు తలుపు వంక చూసి, "కానీ వాళ్ళకి ఏదో ఒకటి పోవాలి. లేకపోతే నిన్ను వదలరు" అంది. బిళ్ళ మింగించింది. నా పక్కనే మోకరించి మౌనంగా ప్రార్థన చేసింది. దయ్యం గురించి కాదు, అబద్ధం ఆడబోతున్నందుకు. అది తర్వాత చెప్పింది. లేచి తలుపు తీసి "పోయింది" అంది. మళ్ళీ రాకుండా ఉండాలంటే పిల్ల నా దగ్గర ఉండాలి అంది. నాన్న ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ వెనక్కి తగ్గి గోడకి ఆనుకుంది. ఆ ముఖం నాకింకా కళ్ళముందే ఉంది. దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా ఉంది.

తర్వాత ఒకసారి ఆ అబద్ధం గురించి అడిగాను. "పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. ఫాదర్ గారు క్షమించారు. కానీ మళ్ళీ అలాంటి గది ముందు నిలబడితే మళ్ళీ అదే మాట అంటానేమో. పూర్తిగా పశ్చాత్తాపం రావడం లేదు. అదే నా బాధ. నువ్వు మాత్రం మొయ్యకు" అంది.

నేను మోశాను. నిజం చెబితే ఆవిడ అబద్ధాలకోరు అవుతుంది. నాన్న కూతుర్ని ఊరికే కొట్టించినవాడు అవుతాడు. సిస్టర్లు అడిగినప్పుడు "మళ్ళీ రాలేదు" అన్నాను. అది నిజమే. నిజంతో కూడా దాచొచ్చని నాకు బాగా తెలుసు.

ఎవరూ నా చేత దాయించలేదు. ఇప్పుడు చెప్పాలనుకున్నదీ నేనే. విచారణకి వస్తాను. నువ్వు చెల్లెలని చూడకుండా అడగాల్సినవన్నీ అడుగు. ఒకటి మానేసినా అందరికీ తెలిసిపోతుంది.

మిరియం

*

ఏప్రిల్ 27

మిరియానికి,

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందా? హాల్లోంచి నువ్వు ఒక్కదానివే వెళ్ళిపోతుంటే వెంట వద్దామనుకున్నాను. వకీలు సాక్షి వెంట వెళ్ళకూడదని ఫాదర్ గారు కళ్ళతోనే ఆపారు.

"ఆవిడ అబద్ధం ఆడిందా?" అని నేనడిగినప్పుడు నువ్వు నా కళ్ళలోకి చూసి "ఆడింది" అన్నావు. కోర్టులో ఎంతోమంది చేత ఆ మాట చెప్పించాను. చెప్పించాక తలొంచుకుని కాగితాలు సర్దుకోవడం ఇదే మొదటిసారి.

నువ్వెళ్ళాక ఫాదర్ గారు "మీ అభ్యంతరం?" అన్నారు. "అద్భుతం జరగలేదు. దేవుడి పేరు మీద అబద్ధం జరిగింది" అన్నాను. "ఇంకేమైనా?" అన్నారు. "ఆ అబద్ధంతో ఆ రోజు మా చెల్లిని కొట్టడం ఆగింది. ఇది అభ్యంతరం కాదు. నా పనిలోకి రాదు. అయినా రాసుకోండి" అన్నాను. రాసుకునే ఆయన కలం ఎత్తి, దీన్ని మీ పక్షంలో రాయాలా, అవతలి పక్షంలో రాయాలా అని అడిగాడు. నాకు తెలీలేదు. ఫాదర్ గారికీ తెలీలేదు. బిషప్ గారు ఆ కాగితం తన ముందుకి లాక్కున్నారు.

విచారణ ఆపేశారు. ప్రస్తుతానికి మందులమ్మ పునీతురాలు కాదు. నేను గెలిచానని టైపు దుకాణంలో అందరూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాను.

ఫాదర్ గారిని ఒకటి అడిగాను. ఆ అపవాది కొలువులో చోటు పోగొట్టుకున్నది ప్రశ్న అడిగినందుకు కాదేమో, జవాబు మీద ఆశ లేకుండా అడిగినందుకేమో అన్నాను. "సిద్ధాంతం అలా లేదండీ" అన్నారు. గుమ్మం దాకా నాతో వచ్చి, "ఉంటే బాగుండేది" అన్నారు.

సిస్టర్లు నిన్నేమైనా అంటున్నారా? దాచకుండా రాయి.

అన్నయ్య

*

మే 16

అన్నయ్యకి,

సీటు దొరకలేదు. నిలబడే వచ్చాను.

సిస్టర్లు ఏమీ అనడం లేదు. అదే కష్టం. పెద్ద సిస్టర్ నా క్లాసులు ఇంకొకరికి ఇచ్చి "మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు. భోజనాల దగ్గర నా బల్ల మీద నేనూ నా గ్లాసూ. అది సరే, అసలు మాట విను. ఇన్నేళ్ళకి నాకు మళ్ళీ దయ్యం పట్టిందట. లేకపోతే మందులమ్మ లాంటి తల్లి మీద అలా ఎందుకు చెబుతాను అని ఊళ్ళో అంటున్నారు. ఆవిడ పెట్టిన కాపలా ఆవిడతోనే పోయిందట. విన్నప్పుడు ముందు నవ్వొచ్చింది. తర్వాత గదిలోకొచ్చి గడియ పెట్టుకుని, ఎందుకు పెట్టుకున్నానా అని మళ్ళీ తీసేశాను.

ఇవాళ పొద్దున వరండాలో ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పన్నెండేళ్ళ కూతురు వెంట ఉంది. పిల్ల మోచేతుల నిండా గాయాలు మానిన మచ్చలు. పడి తగిలినవి కొన్ని. అన్నీ పడి తగిలినవి కావని చూడగానే తెలిసింది.

"దయ్యం కాదని చెప్పింది మీరేనా?" అంది తల్లి, గొంతు తగ్గించి.

"నేనే."

"మీకే పట్టిందంటున్నారు కదా?"

"అంటున్నారు" అన్నాను.

వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది. నేను కింద కూర్చుని పిల్లని అడిగాను, పడిపోయే ముందు నీకు ఏమవుతుందమ్మా అని. పిల్ల తల్లి ముఖం చూసి "చెప్పనా?" అంది. తల్లి వరండా అటూ ఇటూ చూసి తలూపింది. అప్పుడు చెప్పింది. చెవిలో ఎవరో గ్లాసులు కడుగుతున్నట్టు ఉంటుందట.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూసి బిళ్ళలు రాశాడు. తెచ్చి ఇచ్చాను. తల్లి బిళ్ళని వెలుగులో తిప్పి చూసింది. "మరి ఈ పిల్లలోంచి ఏం పోవాలమ్మా?" అంది.

అన్నయ్యా, ఒక్క మాట అంటే చాలు, ఆ తల్లి భయం అక్కడికక్కడే తీరిపోయేది. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. మందులమ్మ ఆ తలుపు వంక ఎందుకు అంతసేపు చూసిందో నాకు ఇవాళ తెలిసింది.

"ఏమీ పోనక్కర్లేదు. ఈ పిల్లలో మీ పిల్లే ఉంది" అన్నాను.

నమ్మలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. బిళ్ళని తన నాలుక చివర ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు ఆగింది. తనకేమీ కాలేదని రూఢి చేసుకున్నాక, పిల్ల నోరు తెరవమని, లోపల పెట్టింది.

మిరియం